తడపని రీడ్

అన్నాల బెల్లు కొట్టి పది నిమిషాలైంది. బయట వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. గ్రౌండంతా నీళ్లు నిలిచి, గోల్‌పోస్టు పక్కన రెండు కొంగలు తాపీగా తిరుగుతున్నాయి. పిల్లలంతా వరండాలో కూర్చుని క్యారేజీలు విప్పి, ఒకరి కూరలు ఒకరు రుచి చూసుకుంటున్నారు.

ఏడో తరగతి హర్షిత మాత్రం క్యారేజీ విప్పలేదు. ఎవరూ చూడకుండా మేడమెట్లెక్కి, చివరి గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసింది.

అది బ్యాండ్ గది. గోడ వారన డ్రమ్ములు, బీరువాలో ట్రంపెట్లు, కిటికీ కింద బల్ల మీద రెండు క్లారినెట్ పెట్టెలు. ఒక పెట్టె కొత్తది, నిగనిగలాడుతోంది. అది హర్షితది. వాళ్ల నాన్న చెన్నై నుంచి తెప్పించాడు. రెండోది పాతది. గొళ్లెం ఊడిపోతే చీర అంచు ముక్కతో కట్టి ఉంది. అది స్నేహితురాలు దేవిశ్రీది.

హర్షిత విప్పింది ఆ చీర ముక్కనే.

ఎందుకు విప్పిందో తెలియాలంటే ముందు అప్పాజీ మాస్టారి గురించి చెప్పాలి. ఆయన పోలీసు బ్యాండ్‌లో ముప్పై ఏళ్లు వాయించి రిటైరయ్యారు. వారానికి నాలుగైదు రోజులు ఆ నిడదవోలు స్కూలుకు వచ్చి పిల్లలకు బ్యాండ్ నేర్పుతారు. కోపం తక్కువ. మాట ఇంకా తక్కువ. అందుకే ఆయన ఏదైనా అంటే పిల్లలకు గుర్తుండిపోతుంది.

"డ్రమ్ము లేకపోతే నడిచేవాళ్ల కాళ్లు తడబడతాయి. ట్రంపెట్ లేకపోతే వీధి చివరిదాకా వినపడదు. క్లారినెట్ లేకపోతే పాటలో మాటలుండవు," అనేవారు. "ఇత్తడికి అరవడం వచ్చర్రా. మాట్లాడటం గడ్డికే వచ్చు."

ఆయన గడ్డి అనేది రీడ్‌ని. క్లారినెట్‌ను ఊదే చోట అమర్చే రెల్లు ముక్క అది. వేలెడంత పొడవుంటుంది. కొస మాత్రం ఉల్లిపొరంత పల్చన. ఊపిరి తగలగానే ఆ కొస వణుకుతుంది. ఆ వణుకే పాటవుతుంది.

ఒకరోజు మాస్టారు ఇద్దరు అమ్మాయిల చేతా ఒకే పాట వాయించి విన్నారు.

"హర్షితా, నీ వేళ్లు చక్కగా నడుస్తున్నాయమ్మా. ఒక్క తప్పు లేదు. కానీ నీ క్లారినెట్ పాఠం అప్పజెబుతోంది. దేవిశ్రీది మాట్లాడుతోంది," అన్నారు.

ఆయన అన్నది అంతే. ఆ మాట మాత్రం అరికాల్లో ముల్లులా హర్షిత మనసులో ఉండిపోయింది. అడుగు వేసినప్పుడల్లా కలుక్కుమనేది.

ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చుంటారు. బ్యాండ్‌లో ఒకే రోజు చేరారు. పైగా తన క్లారినెట్ కొత్తది. మరి తేడా ఎక్కడుంది? ఆలోచించి ఆలోచించి, అంతా రీడ్‌లోనే ఉందని హర్షిత తేల్చుకుంది.

ఎందుకంటే దేవిశ్రీ రీడ్‌లు షాపులో కొన్నవి కావు. వాళ్ల నాన్న ఉదయ్‌భాస్కర్ పెళ్లిళ్ల బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేవాడు. గోదావరి లంకల్లో పెరిగే కిక్కిస గడ్డి కోసుకొచ్చి, ఏడాది పాటు అటక మీద ఆరబెట్టి, బ్లేడుతో గీకి గీకి రీడ్‌లు తానే చేసుకునేవాడు. కూతురికీ అవే ఇచ్చేవాడు.

మొన్న వేసవి సెలవుల్లో ఆయన జబ్బు చేసి పోయాడు.

ఆస్పత్రికి వెళ్లే ముందురోజు మంచం మీద కూర్చుని ఒక రీడ్ గీకాడు. దాన్ని రెండు గాజు ముక్కల మధ్య పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, కూతురి చేతికిచ్చాడు.

"మంచి గడ్డమ్మా ఇది. తొందరపడకు. కొన్నాళ్లు అలా ఉండనీ. ఆగస్టు పదిహేనుకి వాయిద్దువు గాని," అన్నాడు.

ఈ సంగతి దేవిశ్రీ తన స్నేహితురాలికి చెప్పుకుంది. గాజు ముక్కల మధ్య ఉన్న రీడ్‌ని చూపించింది కూడా. ముట్టుకోనివ్వలేదు. తనూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ గాజు ముక్కలు హర్షిత చేతిలో ఉన్నాయి. రబ్బరు బ్యాండు తీసింది. రీడ్ తేనె రంగులో ఉంది. ఒక్కసారి వాయించి పెట్టేస్తే అరిగిపోతుందా, కరిగిపోతుందా అనుకుంది.

వాయించే ముందు రీడ్‌ని నోట్లో పెట్టుకుని బాగా తడపాలి. మొదటి రోజు మాస్టారు నేర్పిన పాఠమే అది. కానీ తడి చేస్తే దేవిశ్రీకి తెలిసిపోతుందేమో. అందుకని పొడి రీడ్‌నే తన కొత్త క్లారినెట్‌కు పెట్టి, పైన లోహపు పట్టీ బిగించి ఊదింది.

మాట రాలేదు. తుప్పు పట్టిన గిలకలా కీచుమంది. మళ్లీ ఊదింది. మళ్లీ కీచుమంది.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. మరలు సగమే వదులు చేసి, పట్టీని పైకి లాగేసింది. దాని అంచు రీడ్ కొసకు తగిలింది.

ఆ చెప్పులు ఎవరివో గాని, పక్క గదిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాయి.

హర్షిత రీడ్‌ని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. కొస దగ్గర నిలువునా ఒక గీత. వెంట్రుకంత సన్నం. గోరుతో తాకితే గీత విచ్చుకుంది.

గబగబా రీడ్‌ని గాజు ముక్కల మధ్య పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, పెట్టె మూసి, చీర ముక్క ఎలా ఉందో అలాగే ముడేసింది.

కిందికి వెళ్లేసరికి దేవిశ్రీ తన పక్కన చోటు ఆపి ఉంచింది.

"ఎక్కడికి పోయావే? అందరూ లాగేసుకుంటున్నారు. నీ కోసం రెండు ములక్కాడ ముక్కలు దాచాను చూడు," అంటూ క్యారేజీ మూత ముందుకు జరిపింది.

హర్షిత ఆ ముక్కలు నోట్లో పెట్టుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు శనివారం. రిహార్సల్లో మాస్టారే అడిగారు.

"దేవిశ్రీ, ఇంక వారమే ఉంది. ఇవాళ మీ నాన్నగారి రీడ్ తియ్యమ్మా. రోజూ కాసేపు వాయిస్తే గాని కొత్త రీడ్ మచ్చికవదు."

దేవిశ్రీ గాజు ముక్కలు విప్పింది. రీడ్‌ని రెండు వేళ్లతో సుతారంగా తీసి, నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఒసేయ్, దాన్ని చప్పరించి మింగేస్తావా ఏంటి, చింతపండులాగా?" అన్నాడు పెద్ద డ్రమ్ము వాయించే సురేంద్ర. అందరూ నవ్వారు. కళ్లు తెరవకుండానే దేవిశ్రీ కూడా నవ్వింది.

తర్వాత రీడ్ బిగించి ఊదింది. కీచుమంది.

"లోపల బాతు దూరిందేమో చూడవే," అన్నాడు సురేంద్ర. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది.

దేవిశ్రీ మళ్లీ ఊదింది. అప్పుడు రీడ్ తీసి, పైకెత్తి చూసింది. ఆమె ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు.

"పగిలిపోయింది మాస్టారూ," అంది.

మాస్టారు చెయ్యి చాపితే దేవిశ్రీ రీడ్‌ని ఇచ్చింది.

"నేనేనండి. మొన్న రబ్బరు బ్యాండు వదులైందని రెండు చుట్లు వేశాను. బిగిసిపోయి ఉంటుంది. నాన్న తొందరపడకు అన్నాడు. నేనే పగలగొట్టేశాను."

మాస్టారు రీడ్‌ని అరచేతిలో పెట్టుకుని చూశారు. "ఎవరి తప్పూ కాదమ్మా. గడ్డి కదా. గాలి మారినా పగులుతుంది," అన్నారు. దేవిశ్రీ కాదన్నట్టు తల ఊపుతూనే ఉంది. సురేంద్ర తలొంచుకుని డ్రమ్ము పుల్లలు చూసుకుంటున్నాడు.

ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది హర్షిత. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతమంది ముందు ఎలా? ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం. తర్వాత చెబుదాం.

ఆ "తర్వాత" అనేది ఆదివారం రాలేదు. సోమవారమూ రాలేదు.

సోమవారం దేవిశ్రీ పెట్టె లేకుండా బడికి వచ్చింది.

"మాస్టారూ, నాకు ఆ ఇత్తడి పళ్లేల సింబల్స్ ఇవ్వండి. క్లారినెట్ వద్దండి," అంది.

"షాపు రీడ్ ఉంది కదమ్మా. అదీ గడ్డే."

"వద్దండి. నా చేతిలో ఏదీ నిలవదండి."

మాస్టారు ఇంక బలవంతపెట్టలేదు. మధ్యాహ్నం హర్షితను పిలిచి, "బాణీ నువ్వు వాయించాల్సి వస్తుంది," అన్నారు.

ఆ బాణీ కూడా ఉదయ్‌భాస్కర్ కట్టిందే. జెండా ఎగరేశాక, దేశం కోసం పోయినవాళ్లను తలుచుకుంటూ అందరూ లేచి మౌనంగా నిలబడతారు. ఆ రెండు నిమిషాల్లో వాయించడానికని మాస్టారు అడిగితే, కిందటేడాది ఆయన కట్టి ఇచ్చాడు. అప్పుడు డ్రమ్ములు ఆగిపోతాయి. ట్రంపెట్లు ఆగిపోతాయి. రెండు క్లారినెట్లే వినపడతాయి. మొదటిది పైన బాణీ వాయిస్తుంది. రెండోది కింద ఒకే స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది, సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాళ్లలాగా. ఇన్నాళ్లూ ఆ రెండోది హర్షితదే. ఆ ఒక్క స్వరం ఎవరు వింటారని ఆమెకు చిన్నతనంగా ఉండేది.

ఇప్పుడు బాణీ తనకొచ్చింది. ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ వెంటనే ఆ సంతోషం మీద అసహ్యం వేసింది.

ఇంట్లో మాత్రం సందడే సందడి. వాళ్లమ్మ రామతులసి పెనుగొండలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి, "మన హర్షితేనమ్మా, ఒక్కతే వాయిస్తుంది. నువ్వు శుక్రవారమే వచ్చెయ్యి," అంది. నాన్న సత్యప్రసాద్ క్లాసులో పంచడానికి ఆత్రేయపురం పూతరేకులకు ఆర్డరిచ్చాడు. హర్షిత తల నొప్పిగా ఉందని చెప్పి పడుకుంది.

మంగళవారం బడి వదిలే వేళకు మాస్టారు ఒక పని చెప్పారు.

"బాణీ చివర్లో నాకొక చోట అనుమానంగా ఉందమ్మా. ఉదయ్‌భాస్కర్ రాసుకున్న పుస్తకం దేవిశ్రీ వాళ్లింట్లో ఉంటుంది. అడిగి తీసుకురా."

దేవిశ్రీ వాళ్లిల్లు కాలవగట్టు మీద. వాళ్లమ్మ నాగదుర్గ వరండాలో మిషన్ కుడుతోంది. ఎదురుగా స్టూలు మీద పల్లంరాజు కూర్చుని ఉన్నాడు. ఉదయ్‌భాస్కర్‌తో కలిసి ఇరవై ఏళ్లు బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించినవాడు.

మిషన్ మీద ఎర్ర కోటు ఉంది. భుజాల మీద బంగారు రంగు జరీ. హర్షిత ఆ కోటును గుర్తుపట్టింది. అది ఉదయ్‌భాస్కర్‌ది.

"కొత్తగా కీబోర్డు వాయించే అతను వచ్చాడమ్మా. సన్నంగా ఉంటాడు. అతనికి కుదించమని తెచ్చాను," అన్నాడు పల్లంరాజు, హర్షిత చూపు గమనించి. అడగకుండానే సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుంది ఆయన గొంతు. "కోటైతే కుదించొచ్చు. ఆ పాట ఎక్కడి నుంచి తెస్తాం? మొన్న ఒక పెళ్లిలో, అప్పగింతల పాట వాయించే అబ్బాయి ఏడీ అని పెళ్లికూతురి నాయనమ్మ అడిగింది. ట్రంపెట్ మీదే వాయించాం. అప్పగింతలకి ట్రంపెట్ ఏంటమ్మా? పిల్లని సాగనంపుతున్నట్టు లేదు. యుద్ధానికి పంపిస్తున్నట్టుంది."

నాగదుర్గ చిన్నగా నవ్వింది. నవ్వుతూనే పైటతో కళ్లు తుడుచుకుంది.

"రా హర్షితా. నువ్వన్నా దీనికి చెప్పమ్మా. శనివారం నుంచి అన్నం ముందు కూర్చోవడం, కెలికి లేవడం. నాన్న ఇచ్చింది నిలబెట్టుకోలేకపోయాను అంటుంది. నేను చెబితే వినదు. నీ మాటైతే వింటుంది."

హర్షిత పుస్తకం కోసం వచ్చానంది.

దేవిశ్రీ లోపలి నుంచి అట్ట చిరిగిన పుస్తకం తెచ్చింది. నాలుగు రోజుల్లోనే ముఖం పీక్కుపోయినట్టుంది.

"ఇక్కడుంది చూడు చివరి వరస. నాన్న దీన్ని చాలా నెమ్మదిగా వాయించేవాడు," అంది. పుస్తకం ఇస్తూ, "బాగా వాయించవే. రీడ్ నా వల్ల ఎలాగూ పోయింది. పాటన్నా పోకూడదు కదా," అంది.

హర్షిత పుస్తకం తీసుకుంది. సరే అంది. గేటు దాటింది. కాలవ నిండా గుర్రపుడెక్క తేలుతోంది. నాలుగడుగులు వేసింది. ఐదో అడుగు పడలేదు.

వెనక్కి తిరిగి వచ్చి వరండా మెట్టు దగ్గర నిలబడింది.

"దేవీ, రీడ్ నువ్వు పగలగొట్టలేదు. నేను పగలగొట్టాను."

నాగదుర్గ మిషన్ ఆగిపోయింది.

హర్షిత అంతా చెప్పింది. వానపడ్డ మధ్యాహ్నం, చీర ముక్క ముడి, చెప్పుల చప్పుడు, లోహపు పట్టీ. "చెబితే బ్యాండ్‌లోంచి తీసేస్తారని భయం వేసింది. బాణీ నాకిచ్చినప్పుడు ముందు సంతోషం కూడా వేసింది," అని అది కూడా చెప్పేసింది. ఏదీ దాచలేదు.

దేవిశ్రీ తిడుతుందనుకుంది. కొడుతుందనుకుంది. దేవిశ్రీ ఒక్క మాట అడిగింది.

"తడిపావా?"

"ఏంటి?"

"వాయించే ముందు దాన్ని తడిపావా?"

"లేదు. తడిపితే నీకు తెలిసిపోతుందని..."

"పొడిదే ఊదావా?"

"ఊఁ."

"అయితే పలకలేదు."

"పలకలేదు దేవీ."

"నీకూ పలకలేదు, నాకూ పలకలేదు," అంది దేవిశ్రీ. "నాన్న దాన్ని రోజంతా గీకాడు. అది ఎలా పలికేదో ఇంక ఎవరికీ తెలీదు."

ఆ మాట పూర్తయ్యేసరికి ఆమెకు ఏడుపు వచ్చేసింది. మిషన్ మీద ఉన్న ఎర్ర కోటులో ముఖం దాచుకుని ఏడ్చింది. పల్లంరాజు లేచి కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు.

హర్షిత దగ్గరికి వెళ్లబోయింది. "వద్దు. ఇంటికెళ్లిపో," అంది దేవిశ్రీ, తల ఎత్తకుండానే.

నాగదుర్గ గేటుదాకా వచ్చింది.

"నాలుగు రోజులు నా పిల్ల నా కళ్లముందు కుమిలిపోయింది హర్షితా," అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే హర్షిత తల ఎత్తలేకపోయింది. నాగదుర్గే మళ్లీ అంది. "చెప్పావు. ఇవాళ అన్నం తింటుందిలే. వెళ్లమ్మా, వాన వచ్చేలా ఉంది."

ఇంటికి వెళ్లి హర్షిత అమ్మకు చెప్పింది. రామతులసి కూర కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, స్టవ్ ఆపి, మొత్తం వింది. తర్వాత ఫోన్ తీసుకుని పెనుగొండకు చేసింది.

"అమ్మా, హర్షిత ఒక్కతే వాయించడం లేదు. వస్తే రా, అందరి పిల్లలతో పాటు చూద్దువు గాని," అంది.

బుధవారం రిహార్సల్లో హర్షిత అందరి ముందూ లేచి నిలబడి చెప్పింది. దేవిశ్రీ ఆ రోజు బడికి రాలేదు.

"బాగుందే నీ స్నేహం," అన్నాడు సురేంద్ర. "నేనేమో బాతు అని నవ్వాను. పాపం తగిలేది నాక్కూడా." వెనక ఎవరో "దొంగమొహం" అన్నారు. హర్షిత కాదనలేదు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే బాణీ ఏం చేద్దామంటావు?" అన్నారు.

"నేను వాయించనండి. నేను కింద స్వరమే పట్టుకుంటానండి."

"పైన బాణీ లేకుండా కింద స్వరం ఎందుకమ్మా?"

"దేవిశ్రీ వస్తుందేమోనండి."

"సరే, పట్టుకో," అన్నారు మాస్టారు. ఆ సాయంత్రం హర్షిత ఒక్కతే, పాట లేని ఆ ఒక్క స్వరాన్ని, దవడలు లాగేదాకా సాధన చేసింది.

గురువారం దేవిశ్రీ వచ్చింది. చేతిలో పాత పెట్టె ఉంది.

"మాస్టారూ, షాపు రీడ్ ఇవ్వండి. పల్లంరాజు మావయ్య వాయించమన్నాడు," అంది. రీడ్ తీసుకుని నోట్లో పెట్టుకుని, తడిసేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. హర్షితతో మాట్లాడలేదు. క్లాసులో కూడా వేరే బెంచీకి మారిపోయింది. హర్షిత మధ్యాహ్నం ఒక్కతే అన్నం తింది.

శనివారం ఆగస్టు పదిహేను. తెల్లవారుజామున వాన కురిసి వెలిసింది. గ్రౌండులో బురద మీద ఇసుక చల్లారు. ఊరి పెద్దలు, అమ్మానాన్నలు షామియానా కింద కూర్చున్నారు. వెనక వరసలో నాగదుర్గ, పల్లంరాజు ఉన్నారు.

జెండా ఎగిరింది. డ్రమ్ములు, ట్రంపెట్లు హోరెత్తి ఆగాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఎంత నిశ్శబ్దం అయిందంటే, స్టేషన్లో రైలు కదిలిన చప్పుడు కూడా వినపడింది.

మాస్టారు చెయ్యి ఎత్తారు. హర్షిత తన ఒక్క స్వరం మొదలుపెట్టింది. దాని మీద దేవిశ్రీ బాణీ అందుకుంది.

మొదటి వరస చక్కగా సాగింది. షామియానా కింద ఒక ముసలాయన చేతులు జోడించాడు. రెండో వరస సగంలోకి వచ్చేసరికి దేవిశ్రీ ఊపిరి వణికింది. ఇంకో రెండు స్వరాలు వచ్చాయి. తర్వాత రాలేదు. క్లారినెట్ పెదవుల నుంచి జారింది. కళ్ల నుంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి.

"హర్షితా, నీకొచ్చుగా. అందుకో," అని వెనక నుంచి గుసగుసగా అన్నాడు సురేంద్ర.

వచ్చు. ఆ బాణీ అంతా ఆమెకు నోటికి వచ్చు. వేళ్లు కదిపితే చాలు, పాట ముందుకు సాగుతుంది. ముందు వరసలో అమ్మమ్మ నిలబడి ఉంది. మాస్టారి చెయ్యి గాలిలో అలాగే ఆగి ఉంది.

హర్షిత వేళ్లు కదపలేదు.

ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుంది. ఊపిరి అయిపోతుంటే పెదవి చివర నుంచి చటుక్కున గాలి పీల్చుకుని, తెగిందని తెలియకుండా మళ్లీ అందుకుంది. దవడలు లాగాయి. కింది పెదవి పంటికి ఒరుసుకుని మండింది. గ్రౌండంతా ఆ ఒక్క స్వరమే పరుచుకుని ఉంది. దానికి పైన చోటు ఖాళీగా ఉంది.

మళ్లీ ఊపిరి. మళ్లీ అదే స్వరం.

దేవిశ్రీ జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకుంది. రీడ్‌ని ఒకసారి నాలుకతో తడిపింది. క్లారినెట్ పైకెత్తింది.

ఆగిన చోటు నుంచే బాణీ లేచింది. గొంతు బొంగురుగా ఉంది, అయినా సాగుతోంది. హర్షిత పక్కకు చూడలేదు. చివరి వరస చాలా నెమ్మదిగా పూర్తయ్యేదాకా తన స్వరాన్ని వదలకుండా నిలబడింది.